కరుణమ్మ ఆంటీ కాగితాల గది

ఈ ఉదయం బడిలో జిగురు కాచాను. ముసురు పట్టి చాలా రోజులైంది. వరండాలో పిల్లల గొడుగులు ఆరడం లేదు. కాగితాలన్నీ చెమ్మకు మెత్తబడి కత్తెరకు లొంగడం లేదు. పిల్లల చేతికి సీసా జిగురే ఇస్తాం కానీ, ఏళ్ల తరబడి అల్మారాలో నిలవాల్సిన పెద్ద ఆల్బమ్‌లకు నేనిప్పటికీ మైదా జిగురే వాడతాను. చన్నీళ్లలో పిండి కలిపి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, సన్నని సెగ మీద గరిటె ఆపకుండా తిప్పుతుంటే పచ్చిపిండి వాసన పోయి ఒక వెచ్చని, కాస్త చేదుగా తోచే వాసన మొదలవుతుంది. అది ముక్కుకు తగలగానే ఖరిదాలోని ఈ బడి గది పోయి, ఇదే ఊళ్లో ఝపటాపూర్‌లోని ఒక సన్నని గది కళ్ల ముందుకు వస్తుంది. అందులో కిటికీకి వీపు పెట్టి కరుణమ్మ ఆంటీ కూర్చుని ఉంటుంది. ఇప్పుడు ఆ గదిలో అద్దెకున్న వాళ్ల గ్యాస్ పొయ్యి ఉంది. ఆంటీని చూసినవాళ్లు కూడా ఊళ్లో తగ్గిపోతున్నారు. అందుకే రాయాలనిపించింది.

ఆంటీ వాళ్ల తాతలు కోస్తా నుంచి రైలు పని కోసం కోల్‌కతా వైపున్న ఈ రైల్వే ఊరికి వచ్చిన క్రైస్తవులు. భర్త గూడ్స్ గార్డుగా చేస్తూ, రిటైర్ కాకముందే గుండెపోటుతో పోయాడు. ఒక్కడే కొడుకు ప్రభుదాసు, రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు. ఆంటీ పొట్టిగా, బరువుగా ఉండేది. మోకాళ్ల నొప్పులు. చేతులు మాత్రం చిన్నపిల్ల చేతుల్లా ఉండేవి, గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు. కాగితంతో చేయగలిగిన పనులన్నీ చేసేది. క్రిస్మస్‌కి నక్షత్రాలు, పెళ్లిళ్లకు తోరణాలు, పుట్టినరోజులకు ఆల్బమ్‌లు, రిటైరైన వాళ్లకు ఫోటోలూ పాత రైలు పాసులూ అతికించిన వీడ్కోలు పుస్తకాలు, బడిపిల్లల ప్రాజెక్టులు, ఎవరైనా పోతే తెల్లకాగితపు పూలచక్రాలు. పనిని బట్టి కాగితం మారేది గానీ కత్తెర అదే. చావుకు వాడిన కత్తెరతో పెళ్లి పని చేస్తావేమిటని ఎవరో అడిగితే, "కత్తెరకేటి తెలుసమ్మా, పాపం" అనేది.

మాది శ్రీకాకుళం వైపు. మా నాన్న కూడా వర్క్‌షాప్ మనిషే. ఆంటీ ఇంటి వెనక సందులో మా ఇల్లు. పెళ్లయిన రెండో ఏడు నేను విశాఖపట్నం నుంచి ఒక సూట్‌కేసుతో తిరిగి వచ్చేశాను. నా భర్తకు వేరే మనిషి ఉంది. ఆ ఇంట్లో అందరికీ తెలిసి, చివరికి నాకు తెలిసింది. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు కానీ, మా సందులో ప్రతి గుమ్మానికీ ఇంకా ఏదో కావాల్సి వచ్చింది. నీళ్లకు వెళితే ఒకరు, కూరగాయలకు వెళితే ఒకరు, జాలిగానే అడిగేవారు. నేను బయటకు వెళ్లడం మానేశాను. తలుపు వేసుకుని పడుకుంటే మా అమ్మ గుమ్మం బయట కూర్చుని బియ్యం ఏరుతూ ఉండేది. ఏరినవే మళ్లీ ఏరేది.

అలాంటి ఒక మధ్యాహ్నం కరుణమ్మ ఆంటీ ఆయాసపడుతూ మా ఇంటికి వచ్చింది. నన్ను పలకరించలేదు. అమ్మతోనే మాట్లాడింది.

"మీ పిల్లని నాకాడికి పంపమ్మా. కాయితాలన్నీ కలగాపులగం అయిపోనాయి. నాకు సూపు ఆనట్లేదు. నీలానికీ నలుపుకీ తేడా తెలవట్లేదు."

మర్నాడు వెళ్లాను. ఆ గది చూసి నిజంగానే భయపడ్డాను. గోడ పొడవునా చెక్క అరలు, వాటి నిండా డబ్బాలు. రసగుల్లా డబ్బాలు, బిస్కెట్ డబ్బాలు, పాలపొడి డబ్బాలు, కింద చెప్పుల అట్టపెట్టెలు. నేల మీద గుట్టగా గ్లేజు కాగితాలు, ముడతల క్రేప్ కాగితాలు, విశ్వకర్మ పూజ నాడు ఎగరేసి చెట్లకు చిక్కుకున్న గాలిపటాల కాగితం, స్వీట్ పెట్టెల్లోని బంగారు రేకు, పాత క్యాలెండర్లు, చీర పెట్టెల అట్టలు. అన్నిటికన్నా ఎక్కువగా పెళ్లి శుభలేఖలు. ఊళ్లో ఎవరి ఇంట శుభలేఖ పాతబడినా ఆంటీకి చేరేది. మంచి అట్ట, మంచి మెరుపు, కొన్నా దొరకదు అనేది.

"ఏటీ అడగను. నువ్వూ ఏటీ సెప్పక్కర్లేదు. రంగు ప్రకారం ఎయ్యి. తెలుపు కాడ మొదలెట్టి నలుపు కాడ ఆపు. తెల్లారి సీకటడినట్టు" అంది.

శుభలేఖలు ఏరుతూ ఉంటే నాది దొరికింది. ఎర్ర అట్ట మీద బంగారు అక్షరాలు, మా నాన్న ఎంతో బేరమాడి అచ్చు వేయించిన అక్షరాలు. నా పేరు, నా భర్త పేరు. నేను దాన్ని పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కత్తెర చప్పుడు ఆగింది. ఆంటీ తల తిప్పకుండానే అడిగింది.

"ఏటది?"

"శుభలేఖ ఆంటీ."

కత్తెర పక్కన పెట్టింది. ఎవరిదో ఆవిడకు అర్థమైపోయిందని నాకు తెలిసింది.

"ఏ రంగు?"

"ఎరుపు."

"అయితే ఎరుపు డబ్బాలో ఎయ్యి."

వేశాను. ఆ రోజు ఇంటికి వచ్చాక చాలా నెలల తర్వాత మొదటిసారి ఏడ్చాను. మర్నాడు పిలవకుండానే వెళ్లాను.

ఆ గదికి ఒక పద్ధతి ఉందని మెల్లగా తెలిసింది. రోజూ వాడేవి చేతికందే అరలో, పండగలవి పైన, చావువి కింద ఎడమ మూల. అక్కడికి వంగాలంటే ఆవిడ మోకాళ్లు సహకరించవు. అయినా అవి అక్కడే ఉండాలి. పై అరలో పెడితే రోజూ కళ్లబడతాయి అనేది. చమ్కీలూ పూసలూ హోమియోపతి మందుల చిన్న గాజు సీసాల్లో పోసేది. సీసా ఊపి, చప్పుడు విని, ఏ సైజు చమ్కీలో చెప్పేది. కత్తెరలు కిటికీ పక్క మేకులకు. చిన్న ముక్కలు పారేయనిచ్చేది కాదు, వాటికి వేరే డబ్బా. "ముక్కల డబ్బా లేకపోతే పువ్వు మధ్యలో ఏటి పెడతావు?" అనేది.

ఒకసారి ఒక బెంగాలీ తల్లి కొడుకుని రెక్క పట్టుకుని ఈడ్చుకుంటూ వచ్చింది. "మాషీమా, మర్నాడే ఇవ్వాలట, ఇప్పుడు చెప్తున్నాడు" అని లబలబలాడింది. మన సహాయకులు అన్న పేరుతో స్క్రాప్ పుస్తకం చేయాలి. డాక్టరు, పోలీసు, పోస్ట్‌మన్. ఆంటీ నన్ను చేయమంది. పోస్ట్‌మన్ సంచికి గట్టి అట్ట కావాలి. ఎరుపు డబ్బా తీసి చేయి పెట్టాను. చేతికి అదే వచ్చింది. నేను కత్తెర తీసుకుని, మా ఇద్దరి పేర్ల మధ్య నుంచి సంచి ఆకారం కత్తిరించాను. ఆ పిల్లాడు దాని మీద జిగురు పూసి, నాలుక బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా అతికించాడు. వాళ్లు వెళ్లాక ఆంటీ, "టీ పెట్టు, పంచదార కాస్త ఎక్కువెయ్యి" అంది. అంతే. దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆవిడ కంటి జబ్బు నీటికాసులు. చుక్కల మందు వేస్తూనే ఉన్నా చూపు అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతూ వచ్చింది. ముందు పక్కనున్న మనిషి పోయాడు, తర్వాత కాగితం అంచు పోయింది, ఆఖరికి సూదిబెజ్జమంత వెలుగు మిగిలింది. డబ్బాలకు గుర్తులు పెడదామని నేనన్నాను. ఒక దానికి దారం కట్టి, ఒక దానికి గుడ్డ అంటించి. ఆంటీ నవ్వింది.

"వద్దే పద్మా. డబ్బా డబ్బాకీ ఓ మొహం ఉన్నాది. ఇది సూడు." నా చేయి తీసుకుని ఒక డబ్బా మీద పెట్టింది. మూత దగ్గర చిన్న నొక్కు. "ప్రభు సిన్నప్పుడు పడేసినాడు. ఇది పసుపు." ఇంకో డబ్బా అడుగు తుప్పు పట్టి గరుకుగా ఉంది. "ఇది గులాబి." మరో దాని మూత ఎప్పుడూ సరిగా పట్టదు, తీసేటప్పుడు కీచుమంటుంది. "ఇది నీలం. ఏడుస్తాది." అలా ఒక్కొక్కటీ చూపించింది. ఆ డబ్బాలు ఆ వరసలో, ఆ చోట్లలో ఉన్నంతకాలం ఆవిడకు రంగులన్నీ ఉన్నాయి.

ఆ రోజుల్లోనే సాలువా క్యాంపు నుంచి ఒక జవాను వచ్చాడు. భార్య పోయి కొన్నాళ్లయింది. కూతురు బాగా చిన్నది. పెద్దయ్యాక అమ్మను చూసుకోవడానికి ఆల్బమ్ చేసివ్వమని హిందీలో అడిగాడు. ఫోటోలు ఒక పాలిథిన్ కవరులో తెచ్చాడు. అతను వెళ్లాక ఒక్కొక్కటీ ఎలా ఉందో ఆంటీ నన్ను చెప్పమంది.

"ఇది పెళ్లి ఫోటో ఆంటీ."

"ఎనక్కెట్టు. పిల్ల ఎరిగిన అమ్మ కాదది."

"ఇది స్టూడియోలో తీసింది. నవ్వుతోంది."

"అదీ ఎనక్కే. ఇంకా?"

"ఇదేదో ఫోన్లో తీసిందిలా ఉంది. కుళాయి కాడ బట్టలుతుకుతోంది. మొహం సగమే కనపడుతోంది, ఎవరినో కసురుతున్నట్టుంది."

ఆంటీ చేయి చాపింది. ఆ ఫోటోను బొటనవేలితో మెల్లగా నిమిరింది. "ఇది ముందెట్టు. పిల్ల రోజూ సూసింది ఇదే" అంది. లేచి అర దగ్గరకు వెళ్లి, తడుముకోకుండా ఒక డబ్బా దించి, లేత ఆకుపచ్చ అట్ట తీసి ఇచ్చింది. ఫోటో చుట్టూ చోటు బాగా వదలమంది, పూలూ చమ్కీలూ ఏమీ వద్దంది. ఆల్బమ్ తీసుకోవడానికి వచ్చిన రోజున ఆ జవాను మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాడు. తర్వాత లేచి ఆంటీకి చేతులు జోడించాడు. ఆంటీ నవ్వుతూ అతను ఇంతకుముందు కూర్చున్న కుర్చీ వైపే చూస్తోంది. ఆవిడకు కనపడదని అప్పటిదాకా అతనికి తెలియదు. జోడించిన చేతులు అలాగే ఉంచి నా వైపు చూశాడు.

ఆ డిసెంబరులో ఆవిడను కంటి డాక్టరుకు చూపించడానికి కోల్‌కతా తీసుకెళ్లాను. ప్రభన్నయ్యకు సెలవు దొరకలేదని నన్ను పంపాడు. డాక్టరు మంచివాడు, తొందరపడలేదు. కానీ చెప్పవలసింది ఒకటే, ఇక చేయడానికేమీ లేదు. నరం చచ్చిపోయింది. ఆ మిగిలిన వెలుగు కూడా పోతుంది. ఆంటీ తల ఊపి, "ఠీక్ హై డాక్టర్‌బాబు" అంది. తిరుగు లోకల్ రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. మధ్యలో ఎక్కడో, "పోనీలే. నా గదిలో నాకు కళ్లక్కర్లేదు కదా" అంది. నా చేతి మీద తట్టింది. ఆవిడే నన్ను ఓదార్చింది.

స్టేషన్ నుంచి టోటో రిక్షాలో ఇల్లు చేరేసరికి వీధి గుమ్మంలోనే కొత్త రంగు వాసన. ప్రభన్నయ్య ఎదురొచ్చాడు. సెలవు దొరకలేదన్నది అబద్ధం. అమ్మను ఊరికి పంపి, క్రిస్మస్‌కి ఆ గది బాగు చేయించాలనుకున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, గది మొత్తం మార్పించేసినాను. లేత నీలం ఏయించినాను, నీకిష్టం కదా. ఆ తుప్పు డబ్బాలన్నీ పాత సామాన్ల కబాడీ వాడికి ఎత్తించేసినాను. మొన్న ఏలు కోసుకున్నావు, సెప్టిక్ అయితే ఏటి గతి? ప్లాస్టిక్ డ్రాయర్లు తెచ్చినాను, మెత్తగా ఉంటాయి, జారతాయి."

ఆంటీ లోపలికి నడిచింది. అలవాటుగా కుడిచేయి చాపింది. అక్కడ అర లేదు. ఇంకో అడుగు వేసింది. నున్నని ప్లాస్టిక్ తగిలింది. దాని కింద ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి, అన్నీ ఒకేలా. ఒకటి లాగింది. వేళ్లతో లోపల కాగితం తడిమింది. గ్లేజు కాగితమని తెలిసి ఉంటుంది. ఏ రంగో తెలియదు. మూసేసింది. కత్తెర కోసం కిటికీ వైపు చేయి చాచింది. మేకులు పీకేసి గోడ పూడ్చేశారు. ఆ చేయి అక్కడ కొత్త రంగు మీద కాసేపు ఉండిపోయింది.

"మంచిదిరా. కష్టపడినావు" అంది. మంచం దాకా నడిపించమని నన్ను అడిగింది. ఆ ఇంట్లో నడిపించమని ఆవిడ నన్ను అడగడం అదే మొదలు. ప్రభన్నయ్య నా మొహం చూశాడు, తర్వాత గది చూశాడు. ఏం చేశాడో అతనికి అప్పుడు అర్థమైంది.

నేను మర్నాడే కబాడీ వాడి దగ్గరకు పరుగెత్తాను. రేకు డబ్బాలన్నీ తొక్కి, కట్టలు కట్టి, లారీకి ఎక్కించేశాడు. గోదాం మూల ఒకటి మిగిలితే తెచ్చాను. ఆంటీ దాన్ని ఒళ్లో పెట్టుకుని మూత తీసింది. కీచుమంది. "నీలం" అంది. లోపల చేయి పెట్టి ఖాళీగా ఉందని చూసుకుని మూత పెట్టేసింది. మళ్లీ వరస పెడదాం, కొత్త డబ్బాలు తెస్తాను, నేర్చుకోవచ్చు అని ఏవేవో చెప్పాను. విని, ఆఖరున మెల్లగా అంది.

"కళ్లు పోయినప్పుడు కూడా రంగులు పోలేదే పద్మా. ఇప్పుడు పోయినాయి. వాడి ముందర ఈ మాట అనకు. వాడు తట్టుకోలేడు."

ఆ తర్వాత ఆవిడ ఆ గదిలోకి వెళ్లలేదు. వచ్చిన పనులన్నీ నాకు అప్పగిస్తే, నేనూ మా ఇంట్లోనే కొత్త కాగితాలు కొని చేసేదాన్ని. నన్ను బడిలో క్రాఫ్ట్ టీచరుగా చేరమని బలవంతపెట్టింది కూడా ఆవిడే. తను మాత్రం వీధి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎవరు పలకరించినా నవ్వుతూ మాట్లాడేది. చేతులు మాత్రం ఊరుకునేవి కావు. పైట చెంగును మడత పెట్టేవి, విప్పేవి, మళ్లీ మడత పెట్టేవి. ప్రభన్నయ్య డ్యూటీ నుంచి వచ్చి పక్కన కూర్చునేవాడు. తల్లీకొడుకులు ఆ గది మాట ఎత్తడం నేనెప్పుడూ వినలేదు. ఒకరిని ఒకరు కాపాడుకుంటున్నామనుకుని ఇద్దరూ నోరు కట్టేసుకున్నారు. మరుసటి ఏడు వానల్లో జ్వరం వచ్చి, ఊపిరితిత్తులకు పాకి, ఆవిడ పోయింది.

పూలచక్రం నేనే చేయాలి కదా. తెల్లకాగితం కోసం ఆ గదిలోకి వెళ్లాను. ఎక్కడుందో తెలియక పై డ్రాయరు లాగబోతే పిడి కింద నా వేలికి ఏదో తగిలింది. వంగి చూశాను. చొక్కా బొత్తం, జిగురుతో అంటించి ఉంది. కింది డ్రాయరుకు ఒక పూస. దాని కింద విరిచిన అగ్గిపుల్ల. తర్వాత గొలుసు ముక్క, చింతగింజ, గరుకు కాగితం, ఒక్కో దానికి ఒక్కో గుర్తు. తెరిచి చూస్తే లోపల కాగితాలు తెలుపు నుంచి మొదలై నలుపు దాకా వరసగా ఉన్నాయి. ఒక్క చోటే తప్పింది, ఊదా రంగు గులాబి కంటే ముందు పడింది.

ప్రభన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది.

"నువ్వే చేశావా అన్నయ్యా?"

"ఆ క్రిస్మస్ ఎల్లిన ఎంటనే. వరస నిన్ను అడగాలంటే సిగ్గేసింది. సిన్నప్పుడు ఈ గదిలోనే కదా పడుకునేవోణ్ణి, గుర్తు తెచ్చుకుని పెట్టినాను."

"ఆంటీకి చెప్పలేదా?"

"సెప్పలేదు. లోనకొచ్చి ఓసారి సెయ్యెడితే అమ్మకే తెలుస్తాది కదా అనుకున్నాను. రోజూ అనుకున్నాను, ఇవాళొస్తాది, ఇవాళొస్తాది అని." గోడ వైపు తిరిగాడు. "అమ్మ రాలేదు. నాను సెప్పలేదు."

నేను బొత్తం ఉన్న డ్రాయరు లాగి తెల్లకాగితం తీసుకున్నాను. కింద కూర్చుని రేకులు కత్తిరించడం మొదలుపెట్టాను. కాసేపటికి అతనూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. చేతకాకపోయినా, ఆ మోటు వేళ్లతో రేకుల అంచులు వంచుతూ, నాకు ఒక్కొక్కటీ అందించాడు.

ఆవిడ దగ్గర నేర్చుకున్న పనితోనే నేను బతుకుతున్నాను. దాన్ని మించి ఒక అలవాటు కూడా మిగిలింది. మా నాన్న ఇప్పుడు పెద్దవాడైపోయి ఎక్కువ సమయం మంచం మీదే గడుపుతున్నాడు. పక్క బల్ల మీద మందులు, కళ్లజోడు, రేడియో, మంచినీళ్ల గ్లాసు. ఊడ్చేటప్పుడు వాటిని ఎత్తితే దుమ్ములో వాటి ఆనవాళ్లు కనిపిస్తాయి, ఆ చోట్లలోనే తిరిగి పెడతాను. ఏదైనా తప్పనిసరిగా జరపాల్సి వస్తే ఆ మాట పైకి చెబుతాను. నిన్న కూడా చెప్పాను.

"నాన్నా, గ్లాసు కిటికీ వైపు జరిపినాను."

"సూస్తన్నాను కదే, ఎందుకలా అరుస్తావు?" అని విసుక్కున్నాడు.

"నువ్వు సూస్తున్నావులే నాన్నా," అన్నాను, "అయినా నాను సెప్తాను."